డ్వేన్ ప్రూయిట్ పొట్లవిదారణము

అనవరత జలదపటల సంఛన్నమై, సూర్యభగవానుడంతటివాడును దర్శనమిచ్చుటకు ముందు క్షమాపణ చెప్పుకొనవలసినంత మర్యాద గల యార్క్‌షైర్ మండలమున, ఉన్నిమిల్లుల పొగగొట్టములు పొగ మానివేసి పావురములకు కాపురమిచ్చిన మా ఓగ్డెన్‌షా పట్టణమున, జూన్ మాసమున, గురువాసర సాయంసంధ్యాసమయమున, సన్నని తుంపర కురియుచుండగా (కురవనిదెప్పుడు అని నన్నడక్కండి) "మూడు కొంగలు" అను నామధేయముచే విఖ్యాతమైన పానశాలయందు, మానవ జిహ్వకును వెనిగర్‌కును నడుమ, ఆశకును మర్యాదకును నడుమ, ఒక ఘోర సంగ్రామము జరిగెను. జిహ్వాగ్రనివాసినీ, షడ్రసవిలాసినీ, ఓ రుచిదేవతా! నా కంఠమున చిటికెడు ఉప్పు చల్లి ఈ కథను పలికింపుము. పొట్లము తెలుగు, విదారణము సంస్కృతము, ఈ రెంటిని అతికించితివేమిరా అని పండితులు అలిగితే అలగనీ. మా ఊళ్ళో అంతకంటే విపరీతమైనవి జాడీల్లో ఊరుతున్నాయి.

ఈ గాథకు నాయకుడెవడయ్యా అనగా, మహాసముద్రమునకు ఆవలి గట్టున, అర్కన్సాస్ రాష్ట్రమున, ట్రాక్టర్ల ఘోషల నడుమ జన్మించి, ద్వారబంధములకు తల తగులునంతటి ఉన్నతకాయుడును, ఎదుటివాడు తుమ్మినను "అద్భుతం!" అని మెచ్చుకొను ప్రశంసాశీలుడును, ద్వాత్రింశద్దంత ధవళకాంతులచే చీకటిగదులను వెలిగింపగల మందహాసభాసురుడును అగు డ్వేన్ ప్రూయిట్. మా ఊరి నర్సు హేజెల్‌ను వలచి, వరించి, ఆమె వెంట సముద్రము దాటి వచ్చి, మా బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేయుచుండెను. మనిషి బంగారం. ఆ మాట మా ఊళ్ళో అందరూ అనుకున్నారు గానీ అతనితో ఎవరూ అనలేదు. మావాళ్ళంతే.

ప్రతి గురువారమును హేజెల్ ఆసుపత్రి డ్యూటీకి పోగా, ఈ మహావీరుడు మూడు కొంగలకు విచ్చేసి, బారు బల్లకు ఆనుకొని నిలబడి, ఒక గ్లాసు బీరును, ఒక క్రిస్ప్స్ ప్యాకెట్టును పుచ్చుకొని, నలుదిక్కులకును నవ్వులు విసరుచుండెడివాడు. క్రిస్ప్స్ అంటే మీరు చిప్స్ అనే బంగాళాదుంప రేకులే. మా దగ్గర చిప్స్ అంటే చేపతో తినేవి, ఆ తగాదాలోకి ఇప్పుడు దిగను. "తడిగా ఉంది కదా," అనేవారు మావాళ్ళు. "అవునండీ, భలే తడిగా ఉంది!" అనేవాడు ఇతడు. సంభాషణ సమాప్తము. చలికాలము పోయి, వసంతము పోయి, ఎండాకాలమని మేము పిలుచుకొను వెచ్చని వానాకాలము వచ్చినను, ఆ వీరుని "ఇలా వచ్చి కూర్చోవయ్యా" అన్న నాథుడు లేకపోయెను. ఒకనాడు ఇంటికి పోయి హేజెల్‌తో "నేనంటే ఇక్కడెవరికీ ఇష్టం లేదేమో" అని, వెంటనే నవ్వేసినాడట.

ఆ పానశాలకు నైరృతి మూలన ఒక గుండ్రని బల్ల గలదు. గురువారపు క్విజ్‌లో పోరాడు జట్లన్నింటిలో అత్యంత పురాతనమైనదియు, అత్యంత శ్రద్ధగా ఓడునదియు ఆ బల్ల జట్టే. దానికి సేనాధిపత్యము వహించునది నోరీన్ ఆక్రాయిడ్. బడి క్యాంటీనులో తరతరాల పిల్లలకు ఉడికిన క్యాబేజీ వడ్డించి, వద్దన్నవాడి కంచంలో ఇంకో గరిటె వేసి, ప్రస్తుతము పింఛను పుచ్చుకొనుచున్న దర్వీధారిణి. కుడిభుజము కీత్ సగ్డెన్. కుళాయిలు బాగుచేయువాడు, మీసములలోనికి మాట్లాడువాడు. ఎడమభుజమైన క్లిఫర్డ్ మోకాళ్ళ నొప్పులకు వెచ్చదనము వెదకికొనుచు స్పెయిన్ దేశమునకు తరలిపోగా, అతని స్టూలు ఖాళీ పడెను. ఇంద్రునికి ఐరావతమెంతో, మా డ్వేన్‌కు ఆ స్టూలంత. దాని ఒక కాలు పొట్టి. అయినా దాన్నే కోరుకున్నాడు.

ఆ గురువారమున, గుండె చిక్కబట్టుకొని, తల దూలమునకు తగులకుండ వంచి, మూలబల్ల వద్దకు నడిచి పోయెను.

"ఈ స్టూలు మీద ఎవరన్నా కూర్చుంటున్నారా అమ్మా?"

"కోట్లు కూర్చుంటున్నాయి," అంది నోరీన్. నిజమే, దాని మీద తడికోట్లు గుట్టగా ఉన్నాయి.

"కోట్లకి ఎక్కడన్నా మేకు దొరకదా అమ్మా?"

కీత్ తన నవ్వును మీసములలో దాచుకొనెను. నోరీన్ కళ్ళద్దాల పైనుంచి పైకి, ఇంకా పైకి, అతని ముఖము దొరుకువరకు చూచెను.

"క్విజ్‌లో కూర్చోవాలనుందా నీకు?"

"చలికాలం నుంచీ ఉందమ్మా!"

ఆ మాట మరీ గబుక్కున వచ్చిపడెను. మా ఊళ్ళో మనిషి తనకొకటి కావాలని అంత సూటిగా చెప్పడం, చొక్కా విప్పి వీధిలో నిలబడ్డంత పని. కీత్ పాపం తన బూట్లకేసి చూసుకున్నాడు.

"క్లిఫర్డ్‌కి రెండు గుణాలుండేవి," అంది నోరీన్. "అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేవాడు. అడక్కపోతే నోరు మూసుకునేవాడు. నీకు ఆ రెంటిలో ఏదన్నా వచ్చా?"

"నేర్చుకుంటానమ్మా!"

"చూద్దాం. అదిగో, బారులో గ్లెనిస్ వెనకాల ఉన్నాయే తిండ్లు, అవి ఒక్కోటీ తిను. పదికి మార్కులు వెయ్యి. నీ మార్కులు వింటే నువ్వేంటో తెలిసిపోద్ది. గ్లెనిస్ క్విజ్ గంట కొట్టేలోపు తేలాలి మరి. తేలకపోతే ఈ వారం కోట్లే కూర్చుంటాయి, వచ్చే వారం కీత్ వాళ్ళ బావమరిది కూర్చుంటాడు."

"వాడు వద్దు," అన్నాడు కీత్.

"వద్దు గానీ, ఉన్నాడుగా."

పానశాలాధీశ్వరి గ్లెనిస్ ఈ మాటలన్నియు బారు వెనుకనుండి వినుచు, విననట్లు గ్లాసు తుడుచుచుండెను. ఆమె వెనుక గోడమీద, జయించిన రాజుల శిరస్సులవలె, తినుబండారములు కొక్కెములకు వ్రేలాడుచుండెను. వాటిలో ప్రథమ ప్రతిభటుడుగా అవతరించినది వేయించిన పందితోలు. కఠోరము, కుటిలము, అంచుల రోమశేషభీషణము, పలుగుతో కొట్టినను పగులునో లేదో అని సందేహము పుట్టించునది. దానిని చేతబూని డ్వేన్ మనస్సులో ఇట్లు గర్జించెను: "ఓరీ వరాహచర్మఖండమా! అరణ్యములు నరికి పొలములు దున్నిన వంశమున పుట్టినవాడను. వానలేని యేడులు చూచితిని, సుడిగాలులు చూచితిని, మా మేనత్త వండిన మొసలికూర చూచితిని. నీ ముందు నా దంతపంక్తి వెనుకాడునా? విరిగిన పన్ను విరుగుగాక, పట్టిన పట్టు విడువను!" అని, కన్నులు మూసి, దవడ బిగించి, కసుక్కున కొరికెను. ఫెళ్ళుమన్న ఆ ధ్వనికి కిటికీ దగ్గర కునుకుతున్న కుక్క లేచి నిలబడి, ఎవరూ పిలవలేదని తెలుసుకుని మళ్ళీ పడుకుంది. నమలెను, నమలెను, చెమటలు కారునట్లు నమలెను. ఎట్టకేలకు మింగి, రెండు చేతులు పైకెత్తి, సింహనాదము చేసెను.

"పది! పదికి పది! ఇంత గొప్ప పందితోలు నా జన్మలో తిన్లేదు!"

"పందితోలుకి పదా?" అన్నాడు కీత్.

"అమ్మేదాన్ని నేను. నేనే అయిదు దాటనివ్వను," అంది గ్లెనిస్.

ద్వితీయ ప్రతిభటుడు జాడీలోని గుడ్డు. బారు చివర, ఎవరును కదలింపని చోట, వెనిగర్‌లో ఊరుచు, తపస్సులో మునిగిన మునివలె కాలము మరచిన అండము. ఆ జాడీ గ్లెనిస్‌కు అత్తగారి నుంచి వచ్చింది. గుడ్లు కూడా దాంతోపాటే వచ్చాయని గిట్టనివాళ్ళంటారు. గ్లెనిస్ పొడుగాటి చెమ్చాతో ఒకదానిని వెలికితీయగానే దాని పరిమళమునకు చుట్టుపక్కల కనురెప్పలన్నియు ఒక్కసారి మూతపడెను. మా వీరుడు దానిని ఒక్క వ్రేటున నోటనిడుకొనెను. అయ్యో నాయనా, కొరుక్కుని తినాలి అని చెప్పేలోపే అయిపోయింది. వెనిగర్ ప్రవాహము కంఠకుహరమున దుమికి, నాసారంధ్రములను ముట్టడించి, నేత్రద్వయమునుండి అశ్రుధారలై వెలువడెను. ముఖము ఎఱుపెక్కి, ఊదాయై, మరల తెలుపాయెను. బల్ల అంచు పట్టుకొని, ఊపిరి తిరుగగానే,

"పది... కాదు, పదకొండు!" అన్నాడు బొంగురు గొంతుతో.

నోరీన్ తన గ్లాసు బల్లమీద పెట్టెను. ఆ పెట్టుటలోనే తీర్పు సగము వినబడెను.

"చూడు నాయనా. నా పెళ్ళికి నేనిచ్చుకున్నది ఏడు. అది కూడా ఆవేళ వాన పడలేదని. నువ్వు గుడ్డుకి పదకొండిస్తున్నావు."

"రేపు నిజంగా పదికి తగ్గది ఎదురైతే ఏం చేస్తావోయ్?" అన్నాడు కీత్. "ఉన్న మార్కులన్నీ గుడ్డుకే ధారపోశావ్."

"ఇలాంటోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, జవాబు ఇదేనా అంటే, ఔను అద్భుతం అంటాడు. మనం రాసేస్తాం. కొంప మునుగుద్ది," అంది నోరీన్. "నీకు నాలికన్నా లేదు, నిజమన్నా లేదు. ఏది లేదో చెప్పు."

అంతట ఆ ఆరడుగుల పైచిలుకు విగ్రహము ఒక్కసారి కుంగిపోయినట్లాయెను. పళ్ళు కనబడలేదు. అతని ముఖములో పళ్ళు కనబడకపోవడం మేం అదే మొదటిసారి చూడటం.

"మా అమ్మ అలా పెంచిందండీ," అన్నాడు. "పరాయిచోట ఏం పెట్టినా తిని, బాగుందని చెప్పి, ఇంకాస్త వెయ్యమనాలని. బాలేదంటే మీరు పొమ్మంటారేమోనని భయమేసింది. ఆ గుడ్డు... క్షమించండి గ్లెనిస్ గారూ, ఆ గుడ్డు పాత బ్యాటరీ నాకినట్టుంది. నాకు గుడ్డొద్దు, తోలొద్దు. మీతో కూర్చోవాలనుంది, అంతే."

గ్లెనిస్ తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది. కీత్ మీసం కొస నోట్లోకి పోయింది. మా ఊరివాళ్ళకు కన్నీళ్ళొస్తే ఇలాగే ఉంటుంది, బయటివాళ్ళకు తెలియదు. చివరికి నోరీన్ గొంతు సవరించుకుంది.

"ఇంకొకటి తెచ్చుకో పో," అంది. "ఈసారి నీ నోట్లో ఏముంటే అది చెప్పు."

తృతీయ ప్రతిభటుడు రొయ్యరుచి క్రిస్ప్స్. రొయ్య దాని చెంతకు ఎన్నడును పోయియుండలేదు. పాటలవర్ణపు పొడి అద్దుకొని, తీపియు పులుపును కాని ఒక మధ్యస్థితిలో నిలుచునది. డ్వేన్ దానిని కొని తెచ్చి, బల్ల ప్రక్కనే నిలబడి, ప్యాకెట్టు పైభాగమును సర్రున చింపి, చేయి మణికట్టుదాక దూర్చి, గుప్పెడు తీసి, నోట వేసికొని, కన్నులు మూసి ధ్యానించెను. తన పుట్టుకతో వచ్చిన మెచ్చుకోలు ప్రవాహమునంతయు పంటి బిగువున ఆపి, పలికెను.

"సబ్బు మీద చక్కెర చల్లినట్టుంది. నాలుగు."

"నాలుగు న్యాయం," అన్నాడు కీత్ వెంటనే.

"నేనూ నాలుగే ఇస్తాను," అంది నోరీన్.

ఆహా, గెలిచాడనుకున్నారా? డ్వేన్ కూడ అట్లే అనుకొనెను. పళ్ళన్నియు మరల ఉదయించెను. స్టూలు వైపు చూచెను. కోట్లు కదలలేదు. నోరీన్ చూపును కీత్ చూపును స్టూలుమీద లేవు, అతని ముఖముమీద లేవు. అతని చేతిలో, పైన చిరిగి, నోరు తెరచుకొని, గుండెకు హత్తుకొనబడిన ఆ ప్యాకెట్టుమీద ఉండెను. చూసి, చూడనట్టు పక్కకు తిప్పుకున్నారు.

ఓరి నాయనోయ్! ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది, గ్రాంథికం కాసేపు పక్కన పెడతాను. ఎవరన్నా ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! చెప్పరు. ఎదుటివాడి చొక్కా అంటుకుని మండుతున్నా "ఇవాళ కాస్త వెచ్చగా ఉన్నట్టుంది" అనడమే మావాళ్ళ మర్యాద. మా పబ్బుల్లో ప్యాకెట్టు చింపడానికి రెండు పద్ధతులు. పైన చింపి పట్టుకుంటే, "నా మానాన నన్నొదిలెయ్యండి" అని. వెనక అతుకు వెంబడి నిలువునా చీల్చి, వెండి లోపలివైపు పైకొచ్చేలా బల్ల మీద పరిస్తే, "రండి, తీసుకోండి, మనం మనం ఒకటి" అని. ఇది ఏ బళ్ళోనూ చెప్పరు, ఏ గోడమీదా రాయరు, అందరికీ తెలుసు. అర్కన్సాస్‌లో తెలియదు.

గ్లెనిస్ గంట త్రాడు వైపు అడుగు వేసెను. డ్వేన్ నుదుట స్వేదబిందువులు మొలచెను. ఎక్కడ తప్పితినో అని దిక్కులు చూచుచుండగా, అతని చూపు బల్ల నడుమ పడెను. అక్కడ, నోరీన్‌కును కీత్‌కును మధ్య, వాళ్ళు అంతకుముందు తిన్న ప్యాకెట్టు నాలుగు మూలలా విప్పబడి, పరుపబడి, తళతళ మెరయుచుండెను. నోరీన్ వేలి కొస తడి చేసుకుని ఒక పలుకు అద్దుకుంది. అదే చోట కీత్ వేలు ఇంకో పలుకు అద్దుకుంది. చూసుకోకుండానే, అడుక్కోకుండానే.

డ్వేన్ తన చేతిలోని ప్యాకెట్టును చూచుకొనెను. చలికాలమునుండి ప్రతి గురువారమును బారునకానుకొని తాను పైన చింపి గుండెకు హత్తుకొన్న ప్యాకెట్టులన్నియు, పాపము, అతని కళ్ళముందు వరుసగా నిలిచెను. గిరుక్కున వెనుదిరిగి, రెండంగలలో బారు చేరి,

"గ్లెనిస్ గారూ, ఉప్పూ వెనిగర్‌ది ఒకటివ్వండి. త్వరగా!" అన్నాడు.

అందుకొని, బల్ల వద్దకు తిరిగి వచ్చి, ప్యాకెట్టును బోర్లా పరుండబెట్టెను. అదిగో వెన్నెముకవలె నిలువుగా నున్న అతుకు! బస్సు ఇంజన్ల బోల్టులను వట్టిచేతులతో విప్పు ఆ మహాబాహువులు ఇప్పుడు ఆ అతుకును మెల్లగా తడుముచుండెను. బలము మీరెనా, పొట్లము భగ్నమై, రేకులు దిగంతములకెగసి, నోరీన్ జుట్టునందును కీత్ బీరునందును వర్షించును. బలము చాలదా, అతుకు నవ్వును. రెండు బొటనవ్రేళ్ళు అతుకున కిరువైపుల మోపి, శ్వాస బంధించి, మెల్లగా లాగెను. కదలలేదు. లాగెను. కదలలేదు. కీత్ తనకు తెలియకుండానే గ్లాసు వెనక్కి జరుపుకున్నాడు. గంట త్రాడు పట్టిన గ్లెనిస్ ఇటు చూచెను. చూచి, త్రాడు వదలి, ప్రశ్నల కాగితం కనబడటం లేదంటూ సొరుగులు వెతకసాగెను. కాగితం ఆమె చంకలోనే ఉంది.

అంతలో చిర్రుమని ఒక సన్నని ధ్వని! అతుకు నడుమ ఒక రంధ్రము, రంధ్రము చీలికయై, చీలిక తలనుండి తోకవరకు పాకి, పొట్లము వక్షస్స్థలము విచ్చుకొని, రజతకాంతులు వెదజల్లుచు, లవణామ్ల రేకుల రాశిని నడుమ నిలుపుకొని, బల్లమీద సంపూర్ణముగా విప్పారెను! దానిని డ్వేన్ రెండు వ్రేళ్ళతో, పసిబిడ్డ పక్క సర్దినట్టు, బల్ల నడిమికి జరిపెను. జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తాను ముట్టలేదు.

నోరీన్ చేయి చాచింది. ఒకటి తీసుకుంది. కీత్ ఒకటి తీసుకున్నాడు. కరకర నమిలారు.

"ఇన్నాళ్ళూ పైన చింపుకుని ఒక్కడివే తింటుంటే," అన్నాడు కీత్, రేకుతో మాట్లాడుతున్నట్టు, "ఒంటరిగా ఉండాలనుందేమో, కదిపితే బాగోదు అనుకున్నాం."

"నన్నెవరూ పిలవట్లేదనుకున్నా," అన్నాడు డ్వేన్.

"పిలిస్తే కాదనలేక వస్తావేమోనని," అంది నోరీన్. "మొహమాటపెట్టడం మా ఇంటావంటా లేదు. హేజెల్‌ని అడుగుదామనుకున్నా ఒకసారి. మళ్ళీ ఏవిటోలే అని ఊరుకున్నా." ఆమె కళ్ళద్దాలు తీసి, చేతిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "మొద్దులం. నువ్వూ, మేమూ."

"మొద్దులమే," అన్నాడు కీత్.

"సరే, తిను. తిని చెప్పు."

డ్వేన్ ఒక రేకు తీసికొనెను. ఉప్పు తగిలెను, వెనిగర్ తగిలెను, ఇన్ని నెలల నిలువుకాళ్ళ బాధ అంతయు కరకరమని విరిగి కరిగిపోయెను. పది అను అంకె అతని నాభియందు పుట్టి, హృదయము దాటి, కంఠము దాటి, పెదవులదాక పరుగెత్తి వచ్చి తలుపులు బాదెను. ఇరువది, ముప్పది, నూరు అను సేనలు దాని వెనుక కదలి వచ్చెను. ఆ సమస్త సైన్యమును ఆ మహావీరుడు ఒంటరిగా నిరోధించెను. మెడనరములు ఉబ్బెను. చెవులు ఎఱ్ఱబడెను. చివరకు, మా ఊరివాడు మాట్లాడినట్టే, కిటికీకేసి చూస్తూ అన్నాడు.

"ఆరు."

"ఊఁ," అంది నోరీన్. కొంచెం ఆలోచించింది. "నేనైతే అయిదున్నర. అయినా ఆరు తప్పు కాదు."

అని, స్టూలు మీది తడికోట్లను ఒక్కొక్కటే ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో. నిలబడితే మెడ నెప్పెడుతోంది నీతో మాట్లాడాలంటే."

కూర్చొనెను! పొట్టికాలు టకుమనెను, స్టూలు ప్రక్కకు ఒరిగెను, ఆ మహాకాయము సముద్రమున నావవలె ఒకసారి ఊగి నిలిచెను. ఆ క్షణముననే గ్లెనిస్‌కు చంకలోని కాగితము కనబడెను, గంట మ్రోగెను. మొదటి ప్రశ్న: అమెరికాలో అన్నింటికంటే పొడవైన నది ఏది? మూలబల్ల అంతయు పులకించెను. డ్వేన్ ఇద్దరి తలలు దగ్గరకు లాగి, ఛాతీ పొంగించి, "మిసిసిపీ! మా ఇంటి దగ్గరే!" అని గుసగుసలాడెను. నోరీన్ రాసేసెను. సరైన జవాబు మిస్సోరీ.

"క్లిఫర్డయినా అదే చెప్పేవాడు," అన్నాడు కీత్, ఇంకో రేకు తీసుకుంటూ. నోరీన్ మోచేత్తో డ్వేన్ డొక్కలో ఒక్కటి పొడిచింది, మరీ మెత్తగా ఏం కాదు.

కావున, ఓ జనులారా, నగారాలు మ్రోగింపుడు, ఏనుగులుంటే అంబారీలు కట్టుడు, లేకపోతే గొడుగులన్నా ఎత్తుడు! ఓగ్డెన్‌షా పట్టణమున, చివరినుండి రెండవ స్థానమున నిలిచిన మూలబల్ల జట్టులో, అర్కన్సాస్ వీరాగ్రేసరుడు డ్వేన్ ప్రూయిట్ ఉప్పూ వెనిగర్ పొట్లమును పైనుండి కాక వెనుక అతుకునుండి చీల్చెను. ఒక్క రేకును నేల రాలలేదు. ఉన్నమాట చెప్పాలి, ఒకటి ఎగిరి కీత్ ఒళ్ళో పడింది. కీత్ దాన్ని తీసి, మీసం తుడుచుకుని, డ్వేన్ చేతిలో పెట్టాడు.